రివర్సులో గెలిచిన యుద్ధం

ఆఫీసు గ్రూపులో నేను పెట్టిన మెసేజిని అందరూ చూశారు. చూసినట్టు గుర్తులు పడ్డాయి, జవాబు మాత్రం పడలేదు. మేనేజరుకు మెయిలు పంపితే 'మీ మెయిలు అందింది' అని యంత్రం చెప్పింది, మనిషి చెప్పలేదు. చివరికి నేనే ఆ ఆఫీసు మెట్లెక్కి పోతే, కొత్తగా చేరిన అమ్మాయి 'మీరెవరు?' అని అడిగింది. ఇక్కడ పని చేశానన్నాను. ఏం పని అంది. చెప్పాను. నవ్వు ఆపుకోవడానికి సీసా ఎత్తి నీళ్ళు తాగింది. నన్ను తాగుతారా అని కూడా అడగలేదు.

కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి కంపెనీల్లో రేపో మాపో చేరబోయే పిల్లలు చదివితే, ఫిర్యాదు పెట్టిన మనిషికి ఏం జరుగుతుందో వాళ్ళకైనా తెలుస్తుంది.

నేను రెండుసార్లు రిటైరయ్యాను. మొదటిసారి ప్రభుత్వ బస్సుల నుంచి. చిత్తూరు జిల్లాలో నేను బస్సు పోనివ్వని రోడ్డు లేదు. చివరి ఏళ్ళలో నడుము పట్టేస్తే డిపో యార్డులో బండ్లు సర్ది నిలబెట్టే పని ఇచ్చారు. రెండోసారి యుద్ధం నుంచి రిటైరయ్యాను. మొదటిసారి శాలువా కప్పారు. రెండోసారి శాలువా తెచ్చారు గానీ, అదే రోజు పుట్టినరోజు ఉన్న ఇంకొకాయనకు కప్పేశారు.

తిరుపతిలో మా ఇంటి పక్క మేడమీద ఉంది ఆ కంపెనీ. కంప్యూటరు ఆటలు తయారుచేస్తారు. ఆటంటే చదరంగం, క్యారమ్సు కాదు. ఈ కాలపు యుద్ధం. ట్యాంకులు, డ్రోన్లు, డీజిలు లారీలు, సైనికులు, అంతా కొండమీద నిలబడి కిందికి చూస్తున్నట్టు కనిపిస్తుంది. మనం సేనాధిపతి. ఏ ట్యాంకు ఎటు పోవాలో, ఏ గుట్ట వెనక దాక్కోవాలో, డీజిలు ఎప్పుడు పట్టుకోవాలో మనమే చెప్పాలి. శత్రువుల రాజధానిలోకి మన ట్యాంకు చేరితే గెలిచినట్టు. తయారైన ఆటను విదేశంలో ఉన్న క్లయింటు తీసుకొని దేశదేశాల్లో అమ్ముకుంటాడు.

నేను మొదట ఆ మెట్లెక్కింది ఉద్యోగానికి కాదు, తగాదాకు. వాళ్ళ బైకులన్నీ మా గేటుకు అడ్డంగా, మొగం గోడవైపు, తోక రోడ్డువైపు పెట్టి పోయేవారు. బండిని నిలబెట్టే పద్ధతేనా అది? మేనేజరు చిన్నవాడే. చిత్తూరులో బెల్లం మండీ ఉన్నవాళ్ళ ఇంటి పిల్లవాడు. నేను చెప్పిందంతా విని, "పెద్దాయనా, మీకు కంప్యూటరు ఆటలు ఆడిన అలవాటు ఉండాదా?" అన్నాడు.

"లేదు."

"మా క్లయింటుకు వయసు మళ్ళిన మనిషి ఒకరు కావాల. ఎప్పుడూ ఆడి ఉండకూడదు. తప్పు కనిపిస్తే వదలకూడదు. మూడూ మీలో ఉండాయి."

అలా నన్ను టెస్టరుగా చేర్చుకున్నారు. బైకుల సంగతి మాత్రం తేల్చలేదు. ఇప్పటికీ తేల్చలేదు.

టెస్టరు పని ఏమిటంటే, తయారవుతున్న ఆటను ఆడాలి, తప్పు కనబడితే కంప్యూటరులో రాసి పెట్టాలి. దాన్ని వాళ్ళు టికెట్ అనేవారు. బస్సుల్లో బతికిన నాకు ఆ మాట అక్కడ రుచించలేదు. నేను ఫిర్యాదు అనే అన్నాను. ఫిర్యాదు పెట్టినవాడు తన పేరుతో లోపలికి పోయి 'సమ్మతి' అనే బటన్ నొక్కితే తప్ప దాన్ని ఎవరూ మూసేయకూడదని క్లయింటు నియమం. ఆ నియమం చదివిన రోజు నాకు ఆ ఉద్యోగం మీద గౌరవం కలిగింది. కరెంటు ఆఫీసులో, పంచాయతీలో, బ్యాంకులో నేను పెట్టిన ఫిర్యాదులకు అంత విలువ ఏనాడూ దొరకలేదు.

నా పక్క కుర్చీలో ఐరాల నుంచి వచ్చిన అమ్మాయి కూర్చునేది. ఆమె కూడా టెస్టరే. నన్ను 'పెద్దనాయనా' అని పిలిచేది. ఆమె యుద్ధం మొదలుపెట్టి, గెలిచి, టీ తాగి వచ్చేసరికి నేను ఇంకా లారీలకు డీజిలు పట్టిస్తూ ఉండేవాడిని. ట్యాంకులు, లారీలు ఎలా కదలాలో కోడు రాసింది నగరి కుర్రాడు. వాళ్ళింట్లో మరమగ్గాలు. ఆ చప్పుడులో పెరిగినవాడు కాబట్టి పక్కన ఉన్నవాడితో కూడా ఊరవతల ఉన్నవాడితో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. అతను ఫోన్లో మాట్లాడితే వాళ్ళమ్మకు ఫోను అక్కర్లేదని ఐరాల అమ్మాయి అనేది.

నాకు వాళ్ళు 'డిపో మేనేజరు' అని పేరు పెట్టారు. నేను ఎన్నడూ డిపో మేనేజరుగా పని చేయలేదు. లేని హోదా అంటగట్టవద్దని రాసి ఇచ్చాను. దానికీ జవాబు రాలేదు.

నా యుద్ధ పద్ధతి వేరు. మిగతా పిల్లలు మొదట డ్రోన్లు లేపి, తర్వాత ట్యాంకులను గుంపుగా తోలేవారు. నేను రెక్కలున్నవాటిని నమ్మను. ముందు డీజిలు లారీ పోవాలి, దాని వెనక ట్యాంకులు వరసగా పోవాలి. శత్రువుల ఊరు దగ్గరపడగానే గుట్ట చాటున నైట్ హాల్ట్. పల్లెకు పోయిన బస్సు రాత్రి అక్కడే ఆగాల్సి వస్తే, డ్రైవరు ముందు బండిని తిప్పి ఇంటిదారి వైపు మొగం పెట్టించి, ఆ తర్వాతే కాళ్ళు కడుక్కుంటాడు. తెల్లారి బ్యాటరీ మొరాయిస్తే తోసుకునేదానికి, పొద్దున్నే జనం ఎక్కాక తిప్పే అవస్థ లేకుండా ఉండేదానికి. అదీకాక, బండ్లను అద్దానికి అద్దం ఆనేంత దగ్గరగా నిలపాలి. యార్డులో జాగా వృథా చేసినవాడిని నేను ఎప్పుడూ మన్నించలేదు. ట్యాంకులను కూడా అలాగే నిలిపేవాడిని. అన్నీ మన దేశం వైపు చూస్తూ, ఒకదాని పక్కన ఒకటి, చెయ్యి పట్టనంత సందుతో.

ఇది ముగిసేలోపు శత్రువులు వచ్చి కాల్చేసేవారు. చాలా రోజులు ఓడిపోయాను. దానికి నేను బాధపడలేదు. యుద్ధంలో ఓడిపోవడం తప్పు కాదు, బండి అడ్డదిడ్డంగా పెట్టడం తప్పు.

ఒకరోజు శత్రువులు రావడం ఆలస్యమైంది. నేను నైట్ హాల్ట్ పూర్తి చేసి, టీ కూడా తాగి, దాడికి ఆజ్ఞ ఇచ్చాను. ట్యాంకులన్నీ ఒక్కసారిగా కదిలాయి. మొగాలు మన దేశం వైపే ఉన్నాయి. బండ్లు మాత్రం శత్రువుల వైపు పోతున్నాయి. అంతా రివర్సులో, అంతా ఫుల్ స్పీడులో. దారిలో శత్రువుల కాపలా బురుజులు ఉన్నాయి. వాళ్ళ సైనికులు తుపాకులు దించి, పెళ్ళి ఊరేగింపు చూసినట్టు చూస్తూ నిలబడ్డారు. ఒక్కడూ కాల్చలేదు. నా ట్యాంకులు వెనక్కి వెనక్కి పోయి వాళ్ళ రాజధానిలో దూరాయి. తెరమీద 'విజయం' అని పడింది.

ఐరాల అమ్మాయి చప్పట్లు కొట్టింది. "పెద్దనాయనా, గెలిచినావు. మొదుటిసారి గెలిచినావు."

"నేను గెలవలా పాపా. ఇది తప్పు గెలుపు."

"గెలుపులో తప్పేంది? కొట్టేసినావు గదా."

"ఒక గుండు కూడా పేల్చలా. మొగం సూపించకుండా పోయి వాని ఇంట్లో దూరినాము. యుద్ధమా ఇది?"

మేనేజరు మైసూరుపాకు తెప్పించాడు. నేను తినలేదు. నా విజయాన్ని రద్దు చేయమని ఫిర్యాదు రాసి పెట్టాను. అలాంటి ఫిర్యాదు అంతవరకు ఎవరూ పెట్టలేదని తర్వాత తెలిసింది.

సాయంత్రానికి నగరి కుర్రాడు దాని కింద రాశాడు: 'ఆటగాడి పొరపాటు.'

నేను లేచి అతని దగ్గరికి పోయాను.

"ఏమప్పా, నేనేం పొరపాటు చేసినాను?"

"రివర్సు బటన్ నొక్కినారు సార్."

"నొక్కలా."

"సెయ్యి పడింటాది సార్. మీకు తెలీకుండా."

"బస్సు నడిపినోణ్ణి నేను. రివర్సు తెలీకుండా ఎవుడన్నా ఏస్తాడా?"

"ఇది బస్సు కాదు సార్."

"అందుకే నీ కాడికి వచ్చినా. బస్సయితే నేనే సూసుకుందును."

అతను తన కంప్యూటరులో ఆడి చూపించాడు. ట్యాంకులు బుద్ధిగా ముందుకు పోయాయి. మళ్ళీ ఆడాడు. మళ్ళీ ముందుకే పోయాయి. "నా మిషన్లో రావడంలా సార్. సరి, వదిలెయ్యండి" అన్నాడు. ఆ 'సరి' నాకు ఇంకా గుర్తుంది. నగరిలో అందరూ ఆ మాట అంటారు, కానీ అతను దాన్ని తలుపు మూసినట్టు అన్నాడు.

నేను సమ్మతి నొక్కలేదు.

ఆటను క్లయింటుకు అప్పగించే రోజు దగ్గరపడింది. మిగతా ఫిర్యాదులన్నీ మూతపడ్డాయి. నాదొక్కటే తెరిచి ఉంది. ఒక్క ఫిర్యాదు తెరిచి ఉన్నా క్లయింటు ఆటను తీసుకోడు. అప్పగింత పూర్తయ్యేదాకా ఎవరికీ సెలవు లేదని మేనేజరు బోర్డు పెట్టాడు. ఐరాల అమ్మాయి వాళ్ళ నాయన ట్రాక్టరు మీదినుంచి పడి కాలు విరిగి మంచంలో ఉన్నాడు. ఆమె సెలవు అడిగితే మేనేజరు నా వైపు చూశాడు. చూపులతో నిందలు వేసేవాళ్ళను నేను చాలామందిని చూశాను. సెలవు ఆపింది అతను. బోర్డు రాసింది అతను. అది నా ఖాతాలో వేయడం అన్యాయమని అప్పుడే చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

మేనేజరు నా కుర్చీ దగ్గరికి వచ్చి బతిమాలాడు.

"ఒగ బటన్ పెద్దాయనా. ఊరికే అట్ల నొక్కెయ్యండి. మీకు చేతులుండే కుర్చీ ఇస్తాను."

"చేరిన కాణ్ణించి అడుగుతా ఉండా ఆ కుర్చీ. ఇన్నాళ్ళు లేనిది ఈ పొద్దు యాణ్ణించి వచ్చింది?"

"ఇప్పుడిస్తా ఉండా గదా."

"ఆ 'పొరపాటు' అనే మాట కొట్టేయమను. కుర్చీ లేకుండానే నొక్కుతా."

నగరి కుర్రాడు తన సీటులోంచే అరిచాడు. "కొట్టేసేది లేదు సార్. బటన్ నొక్కినోళ్ళు మీరు. మచ్చ నా కోడుకా?"

అప్పుడు నేను అన్నాను: "నేను ఆ రివర్సు బటన్ నొక్కలేదని కాణిపాకంలో ప్రమాణం చేస్తా. కోడులో తప్పు లేదని ఆ అబ్బోణ్ణి చేయమను."

ఆ ప్రమాణమంటే ఏమిటో మా జిల్లావాళ్ళకు విడమర్చి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతాను. కాణిపాకం వినాయకుడి ముందు స్నానం చేసి తడి బట్టలతో నిలబడి అబద్ధం చెప్పిన మనిషి బాగుపడడని మా నమ్మకం. కోర్టుల్లో తెగనివి అక్కడ తెగుతాయి. మేనేజరు మండీలో పుట్టినవాడు. తూకం దగ్గర మాటామాటా వస్తే వాళ్ళ నాయన రైతులను అక్కడికే తీసుకుపోయేవాడట. అతను కాసేపు గోడ గడియారం చూసి, "పా, రేపు పోదాం. కంపెనీ కారులోనే" అన్నాడు. క్లయింటుకు మాత్రం 'తనిఖీ కోసం బయటి ఊరికి పోతున్నాము' అని రాశాడు.

కారులో నలుగురం. మేనేజరు తోలుతున్నాడు, పక్కన నేను. వెనక నగరి కుర్రాడు, ఐరాల అమ్మాయి. ఆమెను సాక్షిగా రమ్మన్నారు, ఎందుకంటే ట్యాంకులు వెనక్కి పోవడం నాతో పాటు చూసింది ఆమే. పాకాల దాటాక ప్రమాణం ఏ మాటలతో చేయాలనే తగువు మొదలైంది.

"నా కోడులో తప్పు లేదని నేనెట్ల చెప్పేది సార్? లోకంలో ఏ ప్రోగ్రామరూ ఆ ప్రమాణం చేయలేడు" అన్నాడు కుర్రాడు.

"అయితే తప్పుండాదని ఒప్పుకో."

"తప్పులుండాయి. ఈ తప్పు లేదు."

"ఏ తప్పుండాది?"

"అది తెలిస్తే తీసేసి ఉండనా సార్?"

ఐరాల అమ్మాయి కలగజేసుకుంది. "'నాకు తెలిసినంత వరకు' అని ముందర పెట్టుకో అన్నా."

"దేవుని కాడ ఆ మాట చెల్లదు పాపా" అన్నాను. "నీకు తెలీనిది ఆయనకు తెలుసు."

"పెద్దనాయనా, ఒగ బటనే గదా" అంది ఆమె మెల్లగా. "నొక్కేస్తే అందురం ఇండ్లకు పోతాము."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆమె మాటకు జవాబు ఇవ్వలేదు. జవాబు ఇవ్వని మనుషుల మీద ఇంత రాస్తున్నాను కాబట్టి, అది కూడా రాస్తున్నాను.

కాణిపాకంలో నేనూ, కుర్రాడూ తలమీద నీళ్ళు పోసుకున్నాం. తడి చొక్కా ఒంటికి అంటుకుని అతను సగమైపోయినట్టు కనిపించాడు. గుడి వైపు నడుస్తున్నవాడు ఆగిపోయాడు.

"సార్, ఒగసారి సూపించండి. మొదుటి నుంచి. మీరు రోజూ ఆడేటట్టే ఆడండి. సూసినాక చేస్తా ప్రమాణం."

"ఇన్నాళ్ళు సూడాలని అనిపించలేదా?"

"మీరు ఆడేది శానా సేపు పడుతుంది సార్."

ఎదురుగా టిఫిను అంగడి ఉంది. బెంచీ మీద కూర్చున్నాం. కుర్రాడి ల్యాప్‌టాప్ తెరిచి, నా పేరుతో లోపలికి పోయి మొదలుపెట్టాను. అదే అంగడిలో ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు. గట్టు మీది మామిడిచెట్టు కాయలు ఎవరు కోశారనే తగాదా. ప్రమాణానికి వచ్చి, తమ వంతు కోసం కాచుకుని, చెరొక మూల ఒకరికొకరు వీపు చూపించుకుని ఇడ్లీ తింటున్నారు. తెరమీద ట్యాంకులు కనబడగానే ఇద్దరూ ప్లేట్లతో సహా నా వెనకకు వచ్చి నిలబడ్డారు.

నేను లారీలకు డీజిలు పట్టించాను. ట్యాంకులను వరసగా పంపాను. గుట్ట చాటున ఆపి, ఒక్కొక్కదాన్నే తిప్పడం మొదలుపెట్టాను.

"ఏం చేస్తా ఉండారు సార్?" అన్నాడు కుర్రాడు.

"నైట్ హాల్ట్."

"ట్యాంకులకా?"

"బండి బండే."

"ఆ మూలది ఇంగ కొంచెం సర్దాల స్వామీ" అన్నాడు పెద్దన్న. "సందు జాస్తి ఉండాది."

"ఉండనీలేబ్బా, పక్కదాని డోరు తీయొద్దా?" అన్నాడు తమ్ముడు. చాలా కాలం తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాట అదేనని అంగడాయన నా చెవిలో చెప్పాడు.

"ట్యాంకుకు డోరు యాడుంటాదిరా, పైన మూత ఉంటాది."

"అయితే దగ్గరికి సర్దొచ్చు."

సర్దాను. మేనేజరు రెండోసారి కాఫీ చెప్పాడు. అంతా అయ్యాక దాడికి ఆజ్ఞ ఇచ్చి, వెంటనే రెండు చేతులూ తల పైకి ఎత్తాను. బటన్ల మీద నా వేలు లేదని అంగడంతా చూడాలి.

ట్యాంకులు కదిలాయి. రివర్సులో.

శత్రు సైనికులు తుపాకులు దించారు. "మొగం సూపించేదానికి సిగ్గేమో పాపం" అన్నాడు తమ్ముడు. నా ట్యాంకులు రాజధానిలో దూరాయి. విజయం అని పడింది. నేను చేతులు దించలేదు.

కుర్రాడు తల పట్టుకున్నాడు. తర్వాత నవ్వాడు. తర్వాత, మొదటిసారిగా, మామూలు గొంతుతో మాట్లాడాడు.

"తిరిగేదానికి జాగా లేదు సార్ వాటికి. మీరు అంత దగ్గరగా పెట్టినారు. జాగా లేకుంటే రివర్సులో బయటికి రమ్మని నేనే రాసినా. బయటికి వచ్చినాక తిరగమని రాయలా. వీపు సూపించి పొయ్యే ట్యాంకంటే పారిపోతా ఉండాదని శత్రువు లెక్క. పారిపొయ్యేవాణ్ణి కాల్చొద్దని శత్రువుల కోడు రాసినోడు రాసినాడు."

"అంటే నేను బటన్ నొక్కలా."

"నొక్కలా సార్."

"అంటే పొరపాటు నాది కాదు."

"ట్యాంకుల్ని ఇట్ల నిలిపేది లోకంలో మీరొక్కరే సార్. నిలపడం పొరపాటు. అంటే మీదే."

మేనేజరు మొగం వెలిగిపోయింది. "ఇద్దురూ నిజమే చెప్పినారు. ఇంగ ప్రమాణం యాలప్పా? పాండి పోదాం."

"తడిసినాను. చేసే పోతా" అన్నాను.

కుర్రాడు కూడా పట్టుపట్టాడు. మేం ముగ్గురం గుడి లోపలికి పోయాం. ల్యాప్‌టాప్ కాపలాకు ఐరాల అమ్మాయి బెంచీ దగ్గరే ఉండిపోయింది. ఏ విషయంలో ప్రమాణమని లోపల అడిగారు. మేనేజరు "ట్యాంకులు" అన్నాడు. అడిగినాయన మమ్మల్ని తల నుంచి కాళ్ళదాకా చూసి, ఏ ఊరి నీళ్ళ ట్యాంకులని అడగబోయి ఊరుకున్నాడు. నేను ఆ బటన్ నొక్కలేదని ప్రమాణం చేశాను. అంత ఇరుకుగా నిలిపింది ఈయనేనని కుర్రాడు ప్రమాణం చేశాడు. రెండూ నిజమే. దేవుడు ఎవరి పక్షాన తీర్పు చెప్పాలి? ఆయనను అలాంటి ఇరకాటంలో పెట్టిన కంపెనీ మాది ఒక్కటే అయి ఉంటుంది.

బయటికి వచ్చేసరికి అన్నదమ్ములు లేరు. ప్రమాణం మానుకుని ఇద్దరూ ఒకే ఆటోలో ఊరికి పోయారట. నా యుద్ధం వల్ల వాళ్ళ తగాదా తెగింది. నాది తెగలేదు. మేనేజరు ఫోను చూసుకుని, ఐరాల అమ్మాయితో "ఇంటికి పోయి మీ నాయనను సూసుకోని రా పాపా. నాలుగు దినాలు ఉండు" అన్నాడు. ఆమె నాకు చెప్పకుండానే షేరాటో ఎక్కి పోయింది. సెలవు ఎందుకు అంత సులువుగా వచ్చిందో నేను అప్పుడు ఆలోచించలేదు. చొక్కా ఆరబెట్టుకునే పనిలో ఉన్నాను.

మర్నాడు క్లయింటు మనిషికి వీడియోలో నా యుద్ధం చూపించారు. ఆయన నవ్వి, పక్క గదుల్లో వాళ్ళను పిలిచి చూపించి, దీన్ని తీయవద్దు, ఆటలో ఇలాగే ఉంచండి అన్నాడు. ఎవరి యుద్ధం అది అని ఆయన అడగలేదు. మావాళ్ళు చెప్పలేదు. నేను ఆ వీడియోలో ఒక మూల, మోచేయి వరకు కనిపించాను.

ఆట బయటికి పోయింది. ఉంచమన్నది క్లయింటే కాబట్టి, నా ఫిర్యాదు తెరిచి ఉన్నా తీసుకున్నాడనుకున్నాను. తర్వాత జరిగింది మీలో ఆడినవాళ్ళకు తెలిసే ఉంటుంది. ఎవరో ఆ రివర్సు ఎత్తును కనిపెట్టామని చెప్పుకున్నారు. చూసినవాళ్ళంతా అదే ఆడారు. కొన్నాళ్ళకు రెండు పక్షాలూ రివర్సులోనే రావడం మొదలైంది. ఇటు ట్యాంకులు అటు, అటు ట్యాంకులు ఇటు, వీపు వీపూ రాసుకుంటూ పక్కపక్కనే పోయేవి. ఒక్క గుండు పేలేది కాదు. వీళ్ళు వాళ్ళ రాజధానిలో, వాళ్ళు వీళ్ళ రాజధానిలో దూరి, ఇద్దరికీ విజయం పడేది. యుద్ధం కోసం కొనుక్కుంటే ఇళ్ళు మారినట్టు ఉందని జనం తిట్టారు. అప్పుడు క్లయింటు దాన్ని సరిచేయమన్నాడు. నగరి కుర్రాడు ఒక మధ్యాహ్నం కూర్చుని సరిచేశాడు. కొత్త ఆటతో పాటు ఒక ప్రకటన వచ్చింది. 'ఈ లోపాన్ని మా దృష్టికి తెచ్చిన ఆటగాళ్ళందరికీ కృతజ్ఞతలు.'

లోపం అని వాళ్ళే రాశారు. అంటే పొరపాటు కాదు. ఆ ప్రకటన చేతబట్టుకుని, ఇక ఆ మాట కొట్టేయమని అడగడానికి నా ఫిర్యాదు తెరిచాను. అది ఎప్పుడో మూతపడి ఉంది. 'ఆటగాడి పొరపాటు. ఫిర్యాదుదారు సమ్మతితో మూసివేయడమైనది.' మూసిన రోజు, మేం కాణిపాకం పోయిన రోజే.

ఆ రోజు నేను ఆఫీసులో లేను. నా పేరుతో తెరిచి ఉన్నది ఆ బెంచీ మీది ల్యాప్‌టాప్ ఒక్కటే. నేను గుడిలోకి పోయినప్పుడు దాన్ని మూయలేదు. మేనేజరూ, కుర్రాడూ నా పక్కనే నిలబడి ఉన్నారు. బయట ఉన్నది అన్నదమ్ములు, అంగడాయన, ఇంకొక మనిషి. అన్నదమ్ములకు ట్యాంకులు సర్దడం తెలుసు గానీ సమ్మతి బటన్ ఎక్కడుంటుందో తెలియదు.

నా పేరుతో సమ్మతి నొక్కింది ఎవరని గ్రూపులో అందరినీ అడిగాను. మేనేజరును అడిగాను. ఎవరిని అడగాలో వాళ్ళను విడిగా మాత్రం అడగలేదు. ఆమె ఇప్పుడు వేరే కంపెనీలో చేరిందని, వాళ్ళ నాయన కర్ర లేకుండా నడుస్తున్నాడని విన్నాను. గ్రూపులో నా మెసేజిని చూసినవాళ్ళలో ఆమె కూడా ఉంది.

పాపా, ఇది నీ కంటపడితే చదువు. కాలు విరిగిన మీ నాయన సంగతి నాకు ఆ రోజూ తెలుసు, నువ్వు కారులో అన్న మాటా విన్నాను. అయినా ఆ సమ్మతి నాది. నేను ఇవ్వలేదు. నువ్వు నొక్కి ఉంటే నొక్కినానని రాయి, లేకుంటే లేదని రాయి. ఫోను చేయవద్దు, ఫోనులో నేను మెత్తబడతాను. ఒక్క మాట, రాతలో, నీ పేరు పెట్టి పంపు. మిగతావాళ్ళు ఎవరూ ఇవ్వకపోయినా పరవాలేదు, నువ్వు జవాబివ్వాలి.